భజన బృందము బయలుదేరినది

కర్నూలు, కడప సీమలలో పొలము పనులు మాఘమాసముతో చాలవరకు ముగియును. నల్లరేగడి నేలలలో శనగ కోతకు వచ్చును. జొన్న కంకులు కళ్లమునకు చేరును. చెనిక్కాయలు అంతకు ముందే గోతములకెక్కియుండును. ఈ సీమలో సాలుకు కురియు వాన సుమారు 700 మిల్లీమీటర్లు. అదియు అన్ని సంవత్సరములు కురియదు. కురిసినను అదనుకు కురియదు. కాలువ పారు పల్లెలను విడిచినచో, తక్కిన పల్లెలలో మరల ఏరువాక సాగు వరకు ఎద్దులకును మనుష్యులకును కొంత తీరిక చిక్కును. ఆ తీరిక దినములలో రాత్రి భోజనములైన పిమ్మట రామాలయము ముంగిట దీపము వెలుగును. మద్దెలపై చేయి పడును. చెక్కలు గల్లుమనును. ఊరి భజన బృందము కూడినదన్నమాట.

ఈ బృందములో పాట పాడుటయే జీవనముగా గలవాడు ఒక్కడును ఉండడు. పగలు గుంటక తోలినవాడు, గోడ కట్టినవాడు, గొర్రెలు మేపినవాడు, బడిలో పాఠము చెప్పినవాడు రాత్రి అచ్చట ఒకే వలయమున నిలుతురు. వారికి జీతము లేదు. చూచువారికి టిక్కెట్టు లేదు. నగరములలో ఇట్టి సముదాయమును ఔత్సాహిక గాయకబృందమని గౌరవముగా పిలుతురు. పల్లెలో "మా భజనోళ్లు" అందురు. హిందువులే కాక దూదేకులవారును ఈ వలయములలో నిలుచుట ఈ సీమకు క్రొత్త కాదు. పోతులూరి వీరబ్రహ్మముగారి శిష్యుడైన దూదేకుల సిద్ధయ్య పేరు వినని భజనగాడు ఇచ్చట ఉండడు. అయినను ఒక మాట దాచరాదు. పూర్వము పేటపేటకు వేరువేరు మందిరములు, వేరువేరు బృందములు ఉండెడివి. ఒక పేటవారు వేరొక పేట వలయమున నిలుచుట అన్ని ఊళ్లలో సాగలేదు. పాట గోడ దాటి వినబడెను గాని మనిషి దాటుటకు చాలకాలము పట్టెను.

భజనలు పలువిధములు. కూర్చుండి తాళములతో పాడునది ఒకటి. రంగుకోలలు తాటించుచు తిరుగునది కోలాటము. ఈ సీమలో మిక్కిలి మక్కువతో చేయునది చెక్క భజన. చెక్కలనగా చేతిలో ఇముడు రెండు కొయ్య పలకలు. వానికి గాడులు తొలిచి సన్నని లోహపు బిళ్లలు కూర్తురు. ఒక పలకను బొటనవ్రేలితోను, రెండవదానిని తక్కిన వ్రేళ్లతోను పట్టి, తెరచుచు మూయుచు వాయింతురు. మూసినపుడు కొయ్య కొయ్యను తాకి టక్కుమనును. తెరచినపుడు బిళ్లలు గలగలమనును. ఒకే వాయిద్యములో రెండు ధ్వనులు గలవు. ఒకటి తాళమును చెప్పును, రెండవది తాళమునకును తాళమునకును నడుమనున్న ఖాళీని నింపును. ఇరువదిమంది చేతులలో ఇరువది జతలు ఒక్క క్షణమున మూతపడవలెను. ఒక్కడు లేశమాత్రము వెనుకబడినను ఆ చప్పుడు అన్నములో రాయివలె తెలియును.

చెక్క పట్టుట తేలికయే. పాటయు తేలికయే. పాడుచు, వాయించుచు, అడుగు వేయుచు, ఎదుటివాని భుజము తగులకుండ వలయమున తిరుగుట మాత్రము తేలిక కాదు. అందుకై ఊరివారు భజన గురువును పిలిపింతురు. ఆయన తరచు పొరుగూరివాడే. పల్లెలో అయ్యవారని పిలుతురు. నెలయో, నలువది దినములో ఆయన ఊరిలో నిలుచును. ఇంటికొక పూట వంతున భోజనము పెట్టుదురు. మొదటి దినములలో పాట చెప్పడు, అడుగు మాత్రమే చెప్పును. కాళ్లకు లెక్క పట్టుపడిన పిమ్మటనే నోటికి మాట ఇచ్చును. గురువు వలయము నడుమ నిలిచి ఎత్తుగడ ఎత్తగా, తక్కినవారు వంత పాడుదురు. అడుగు మారవలసినపుడు ఆయన ఈల యూదును. ఆ ఈలకు నెమ్మదిగా సాగుచున్న నడక ఒక్కసారి వడి యగును. కుడికి తిరుగుచున్న వలయము ఎడమకు తిరుగును. అక్షరము రానివారు కూడ రామాయణ ఘట్టములను ఇట్లు నోటికి నేర్తురు. శిక్షణ ముగిసిన దినమున గజ్జెలకు పూజచేసి కాళ్లకు కట్టుకొని ఊరివారి యెదుట మొదటిసారి ఆడుదురు. ఆ రాత్రి కొడుకు అడుగు తప్పునేమో యని తల్లులు పడు ఆందోళన, పరీక్షాఫలితముల నాటి ఆందోళనకు తక్కువైనది కాదు.

పాటను వెంటబెట్టుకొని ఊళ్లు తిరుగుట కడప సీమకు రెండు విధములుగా తెలియును. ఒక విధము సురభివారిది. 1885లో ఈ సీమలోని సురభి గ్రామమున వనారస వంశమువారు కీచకవధ నాటకమును ప్రదర్శించిరి. ఆ ప్రదర్శనముతో పుట్టిన నాటక సమాజము ఊరు విడిచి, తెరలు బండ్లకెత్తి, కోస్తా పట్టణములును తెలంగాణమును తిరిగి, కుటుంబము కుటుంబమే రంగస్థలమై తరతరములు జీవించెను. వారికి పయనమే ఇల్లు. భజన బృందము మార్గము వేరు. శనివారము బయలుదేరినవారు సోమవారము ప్రొద్దునకు తమ గొడ్డు చావిడిలో ఉండవలెను. పాలు పిదుకు వేళకు రాలేనివాడు పయనమునకు రాడు. కావుననే వారి పయనములు చిన్నవి. చిన్నవి గావుననే ఒక పల్లెను మరియొక పల్లెతో గట్టిగా ముడివేయునవి.

ఆ ముడి ఎట్లు పడునో తెలియవలెనన్న ఏకాహమును గూర్చి తెలియవలెను. ఒక దినము సూర్యోదయము మొదలు మరునాటి సూర్యోదయము వరకు ఎడతెగక నామసంకీర్తనము చేయుట ఏకాహము. ఏడు దినములు చేసినచో సప్తాహము. మందిరము నడుమ అఖండదీపము వెలిగింతురు. దానిచుట్టు ప్రదక్షిణముగా తిరుగుచు పాడుదురు. రెండు నియమములు ముఖ్యములు: దీపము ఆరరాదు, పాట ఆగరాదు. ఇరువదినాలుగు గంటలలో ఎనిమిది జాములు గలవు. ఎంత గొప్ప బృందమైనను ఎనిమిది జాములు తానొక్కటే పాడలేదు. కావున పొరుగూళ్ల బృందములను పిలువవలెను. పెద్దమనుష్యులిద్దరు తాంబూలము తీసికొని పోయి పిలుతురు. వచ్చువారికి బండి ఖర్చును, భోజనమును ఊరివారిదే. కూలి యను మాట మాత్రము రాదు. దానికి మారుగా వేరొక లెక్క గలదు. మీ ఊరి ఏకాహమునకు మేము వచ్చి రెండు జాములు పాడితిమి గనుక, మా ఊరి ఏకాహమునకు మీరును రావలెను. కోతలలో ఒకరి చేనికి ఒకరు బదులుపని చేయునట్లే ఇదియును. ఆ బాకీ ఏ కాగితము మీదను వ్రాయబడదు; కాని అన్ని ఊళ్లవారికిని అది జ్ఞాపకముండును.

ఒక బృందము బయలుదేరినదనుకొందము. వారిది ముద్దనూరు ప్రాంతమున ఒక మెట్ట పల్లె. పిలిచినవారిది నందలూరు దాపున చెయ్యేటి ఒడ్డు పల్లె. శనివారము ప్రొద్దున రైలెక్కుదురు. చెక్కలు గుడ్డసంచిలో, హార్మోనియము పెద్దవాని ఒడిలో, మద్దెల కిటికీ ప్రక్క. జొన్నరొట్టెలును చెనిక్కాయల పొడియు మూటలో ఉండును. పిలిచినవారు భోజనము పెట్టుదురని తెలిసినను మూట లేక కదలుట రాయలసీమ రైతుకు అలవాటు లేదు. ఎర్రగుంట్ల, కమలాపురము, కడప దాటుదురు. త్రోవలోని ఏరులు చాల దినములు ఇసుకతోనే కనబడును. కడప విడిచిన పిమ్మట కొండలు దగ్గరకు వచ్చును. ఒంటిమిట్ట గోపురము నెరుగని భజనగాడు లేడు గనుక ఆ స్టేషను రాగానే అందరును చేతులు జోడింతురు.

ఆ ఒంటిమిట్టను గూర్చి ఇచ్చట రెండు మాటలు చెప్పవలెను. అచ్చటి కోదండరామాలయమున సీతారామలక్ష్మణులు ఒకే శిలయందు మలచబడియున్నారు. ఆ క్షేత్రమునకు ఏకశిలానగరమను పేరు అందువలన కలిగినదే. ఒకప్పుడు ఆ ఆలయము ఆదరణ లేక జీర్ణించెను. చెన్నపురి ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితుడుగా నుండిన వావిలకొలను సుబ్బారావుగారు (1863–1936) ఉద్యోగము వదలి, ఆలయోద్ధరణకై టెంకాయచిప్ప చేతబట్టి ఊరూర తిరిగి విరాళములు వసూలు చేసిరి. ఆంధ్రవాల్మీకి యని పేరుగాంచిన పండితుడు చిప్ప పట్టుటకు సిగ్గుపడలేదు. 2015 నుండి శ్రీరామనవమి వేళ ప్రభుత్వపక్షమున జరుగు కల్యాణోత్సవము ఇచ్చట జరుగుచున్నది. ఇచ్చటి కల్యాణము రాత్రివేళ, వెన్నెలలో జరుగును. ఆ దినములలో చెక్క భజన, కోలాట బృందములు ఈ సీమ నలుమూలలనుండి చేరును. అయితే ఉత్సవమున పాడుట వేరు, ఏకాహమున పాడుట వేరు. ఉత్సవమున చూచువారు వేలు; పాట పదినిముషములు. ఏకాహమున అర్ధరాత్రి దాటిన పిమ్మట వినువారు ముగ్గురో నలుగురో. పాట మూడు గంటలు.

బృందము ఊరు చేరినది. కాళ్లకు నీళ్లిచ్చి, సంగటి ముద్దలు పెట్టి, ఊరి పెద్ద జాముల పట్టిక చదివి వినిపించును. పగటి జాములకు అందరును సిద్ధమే. సాయంకాలపు జాము కొరకు పోటీ కూడ గలదు. అప్పుడు ఊరంతయు కూడును గదా! రాత్రి చివరి జాములు మాత్రము ఎవరికిని ఇష్టము కావు. వాటిని దూరమునుండి వచ్చిన గట్టి బృందమునకు గౌరవముగా అప్పగింతురు. ఈ గౌరవములోని తెలివి గురువునకు తెలియకపోదు. అయినను నవ్వి ఒప్పుకొనును.

ఒక బృందము చేతినుండి పాట మరియొక బృందము చేతికి మారు విధానము చూడదగినది. క్రొత్తవారు బయటనే నిలిచి పాటను వినుచు శ్రుతి పట్టుకొందురు. పిదప ఒక్కరొక్కరుగా వలయములోనికి వచ్చి పాతవారితో గొంతు కలుపుదురు. కొంతసేపు రెండు ఊళ్ల గొంతులు కలిసి ఒకటే పాట సాగును. క్రొత్తవారి మద్దెల నిలద్రొక్కుకొన్నదని రూఢి యైన పిమ్మట పాతవారు ఒక్కరొక్కరుగా వెలుపలికి జారుదురు. ఎక్కడ ఒకటి ముగిసెనో, ఎక్కడ రెండవది మొదలయ్యెనో కన్నులు మూసికొని వినువారికి తెలియరాదు. తెలిసినచో అది లోపమే.

నామము ఒక్కటే. ఇరువదినాలుగు గంటలు అదే పలుకవలెను. విసుగు పుట్టకుండుటకు మట్టు మార్చుదురు. ప్రొద్దునకు భూపాలము మొదలుకొని వేళకు తగిన రాగములు ఎన్నుకొనుట పెద్దల పద్ధతి. కుర్రవారు సినిమా మట్టులలో నామమును ఇముడ్చుదురు. పెద్దలు ముఖము చిట్లింతురు. నా అభిప్రాయమున ఇందు కోపగింపవలసినది లేదు. జనుల నోట నున్న మట్టును తీసికొని దానికి దైవనామమును తగిలించుట ఈ దేశమున చాల ప్రాతదే. కోపగింపవలసినది మరియొకటి గలదు. అది మైకు. ఇరువదిమంది నడుమ మైకు ఒక్కని నోటి యెదుట నుండును. ఆ ఒక్కని గొంతు ఊరంతయు మ్రోగును. తక్కిన పందొమ్మిదిమంది తాము పాడకున్నను జరుగునని తలంచి నెమ్మదిగా పెదవులు మాత్రమే కదల్తురు. బృందగానమునకు చప్పుడు తగ్గుట హాని కాదు. గొంతులు తగ్గుట హాని.

రాత్రి మూడవ జాము. ఊరు నిద్రించినది. దీపము వద్ద చమురు పోయు ముసలివాడొక్కడు మేల్కొనియున్నాడు. ముద్దనూరు వైపు బృందము వలయములోనికి వచ్చినది. మొదటి గంట సుఖముగా గడచును. రెండవ గంటలో గొంతులు బరువెక్కును. హెచ్చు శ్రుతిలో మొదలు పెట్టినవారికి ఈ వేళ పై స్వరము అందదు. అనుభవము గల గురువు అది ముందే యెరిగి తగ్గు శ్రుతిలోనే ఎత్తును. బృందమును రెండు పాళ్లు చేయును. ఒక పాలు పలుకుచుండగా రెండవ పాలు ఊపిరి తీసికొనును. శొంఠి, మిరియము, బెల్లము కాచిన నీళ్లు చెంబుతో వలయము చుట్టు తిరుగును. నిద్ర ముంచుకొని వచ్చిన కుర్రవానిని మందలింపక చేతికి మద్దెల ఇత్తురు. చేయి ఆడుచుండగా కన్ను మూతపడదు. గొంతు పూర్తిగా పోయినవాడు సైతము వలయమును విడువడు. అడుగు వేయుచు చెక్క వాయించును. చెక్క చప్పుడు ఉన్నంతకాలము తక్కినవారి గొంతు లేచునని అతనికి తెలియును. ఎట్టి సంగీత పాఠశాలయందును చెప్పని విద్య ఇది. తన గొంతు బాగుగ నున్నప్పుడు పాడుట కాక, ఇతరుల గొంతు అలసినప్పుడు తాను పాడుట.

ఈ పాటలకు వానతో గల సంబంధమును కూడ చెప్పవలెను. వాన రాని యేట తెలుగు పల్లెలలో విరాటపర్వము చదివించుట ఆచారము. సప్తాహములు తలపెట్టుటయు ఎక్కువగా అట్టి సంవత్సరములలోనే. 1876 మొదలు 1878 వరకు దక్షిణ దేశమును పీడించిన మహాక్షామమున కర్నూలు సీమ మిక్కిలి దెబ్బతిన్నది. అట్టి చరిత్ర గల నేలపై వాన కొరకు పాడుట వేడుక కాదు. పాడినందున మేఘము వచ్చునా యని మీరు అడుగవచ్చును. మేఘము గాలి, సముద్రము, కొండల ఏర్పాటును బట్టి వచ్చును. పల్లె రైతు కూడ ఆ మాట యెరుగును. అయినను విత్తనము చేతబట్టుకొని ఆకాశము వైపు చూచుచు ఒంటరిగా కూర్చుండుట కంటె పదుగురితో కూడి రాత్రి గడుపుట మేలని అతని తలంపు. పైగా ఈ సీమలో వానయు ఒక్కొక్కప్పుడు శత్రువగును. 2021 నవంబరు 19న చెయ్యేటిపై అన్నమయ్య జలాశయము కట్ట తెగి, పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట మున్నగు పల్లెలపై ఏరు పడెను. పలువురు ప్రాణములు కోల్పోయిరి. ఇసుకయే గాని నీరు కానరాని ఏరని దానిని ఎంచినవారుండిరి!

తెల్లవారినది. దీపమునకు హారతి ఇచ్చి ఏకాహము ముగింతురు. ఆదివారపు పగలు ఇంకను మిగిలియున్నది గనుక బృందము తాళ్లపాకకు పోయి వచ్చుటకు నిశ్చయించును. రాజంపేట దాపున మార్గము ప్రక్క 108 అడుగుల అన్నమాచార్య విగ్రహము కనబడును. అచ్చటనుండి తాళ్లపాక దగ్గరయే.

అన్నమాచార్యులు (1408–1503) ఆ ఊరివాడు. ఆయన అహోబల మఠాధిపతియైన ఆదివన్ శఠకోపయతి వద్ద శాస్త్రము నభ్యసించెనని ఆయన మనుమడు చిన్నన్న వ్రాసిన చరిత్ర చెప్పుచున్నది. అనగా కడప సీమలో పుట్టిన పాటకు కర్నూలు సీమ మఠమున విద్య కలిగినదన్నమాట. ఆయన ముప్పదిరెండువేల సంకీర్తనలు రచించెనని ప్రసిద్ధి. పల్లెలలో ఆడువారు దంచునపుడు పాడు సువ్వి పాట, గొబ్బి పాట, లాలి, ఉయ్యాల, చందమామ, కోలాటము పాట, జాజర – వీని నన్నింటిని ఆయన తన సంకీర్తనలకు అచ్చులుగా తీసికొనెను. సినిమా మట్టును గూర్చి పైన నేను కుర్రవారి పక్షము వహించుటకు ఇదియే కారణము.

ఆ సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయమున ఒక అరలో భద్రపరచిరి. అట్టి రేకులు రెండువేలకు పైగా గలవు. 1816లో అచ్చయిన తన తెలుగు వ్యాకరణమున క్యాంబెల్ దొర వీనిని ప్రస్తావించెను. అయినను ఇరువదవ శతాబ్దమున సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి మున్నగు పండితులు శ్రమించి వెలికి తెచ్చు వరకు వానిలో అధికభాగము లోకమునకు వినబడలేదు. వెలికి వచ్చిన పిమ్మట ఒక చిక్కు తెలిసినది. రేకుపై సాహిత్యము గలదు. రాగము పేరు గలదు. పాడు విధము మాత్రము లేదు. స్వరము చెక్కబడలేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ (1893–1979) మొదలైన విద్వాంసులు ఆ రాగములను ఆధారముగా గొని క్రొత్తగా స్వరములు కూర్చవలసివచ్చెను. నేడు మనము విను అన్నమయ్య పాటలలో మాట ఐదువందల యేండ్ల నాటిది. మట్టులలో అధికభాగము నిన్నటివి.

భజన బృందములది సరిగా దీనికి ఎదురు. వారి యొద్ద రాగిరేకు లేదు. కొందరి యొద్ద నూనెమరకల నోటుపుస్తకము గలదు, అంతే. కాని మట్టు, అడుగు, ఈల, ఊపిరి తీసికొను చోటు – ఇవి యన్నియు గురువు శరీరమునుండి శిష్యుని శరీరమునకు సరాసరి దిగుచున్నవి. రాగి నాలుగువందల యేండ్లు ఎవరును పాడకున్నను మాటను కాచినది. ఈ విద్య నలువది యేండ్లు ఎవరును పాడకున్నచో మిగులదు. 1963లో కడపలో ఆకాశవాణి కేంద్రము ఏర్పడి పల్లె పాటను గాలిలోనికి పంపినది, మంచి పనియే. ఐనను రికార్డు చేసిన భజన గొంతును కాచునే గాని వలయమున మీ ప్రక్కవాని భుజమునకు ఎంత ఎడమ నుండవలెనో చెప్పలేదు.

ఇతర దేశములలోను ఇట్టి బృందములు గలవు. వేల్సు దేశపు బొగ్గుగనుల లోయలలో గని కార్మికులు కూడి పాడు పురుష గాయకబృందములు ప్రసిద్ధములు. ఎస్తోనియాలో 1869లో తార్తు పట్టణమున మొదలైన పాటల పండుగకు ఊరూరి బృందములు చేరును. మన యొద్ద 2009లో సికింద్రాబాదు పెరేడు మైదానమున లక్షకు మించిన గళములు అన్నమయ్య సంకీర్తనలను ఏకకంఠముగా పాడెను. పాశ్చాత్య బృందములలో హెచ్చు గొంతు, తగ్గు గొంతు వేరువేరు స్వరములను ఒకేసారి పాడి కలుపుదురు. మన భజనలో స్వరము అందరికిని ఒక్కటే. ఒకడు ఎత్తగా పదుగురు అందుకొందురు. అందము ఆ అందుకొనుటలో నున్నది.

కర్నూలు సీమలో దేవుడే బృందముతో బయలుదేరు ఆచారము గలదు. అహోబలమున సంక్రాంతి వేళ పారువేట మొదలగును. నరసింహస్వామి ఉత్సవమూర్తులు పల్లకియందు ముప్పదికి పైగా పల్లెలను సుమారు నలువది దినములు తిరుగును. తన పెండ్లికి జనులను పిలుచుటకే స్వామి వచ్చునని నమ్మిక. నల్లమల చెంచులు లక్ష్మీదేవిని తమ ఇంటి ఆడుబిడ్డగా ఎంతురు గనుక వారికి స్వామి అల్లుడు. పల్లకి దిగిన ప్రతి పల్లెలోను ఆ రాత్రి ఊరు నిద్రపోదు.

పడమటి కర్నూలున పరిస్థితి వేరు. కోసిగి, మంత్రాలయము, ఆదోని ప్రాంతముల పల్లెలనుండి వేలకొలది కుటుంబములు పంట చేతికి రాని యేట గుంటూరు సీమకు మిరపకాయల కోతకును, ఇతర ప్రాంతములకు పత్తి తీతకును తరలిపోవును. దీనిని వారు సుగ్గికి పోవుట యందురు. సరిగా భజనలకు తీరిక దొరకవలసిన మాసములే సుగ్గి మాసములు. రాయలసీమవాడు కోస్తాకు చేయు పయనము ఇట్లు పాట మూటతో గాక గిన్నెల మూటతో సాగుచున్నది. మీ వయస్సు పిల్లలును తలిదండ్రుల వెంట పోవుచున్నారు; వారి చదువు చెడకుండ ఊరిలోనే నిలుపుటకు ప్రభుత్వము ఆయా మాసములకు వసతిగృహములు నడపినది. గొంతున్నవారు సుగ్గికి పోయిన పల్లె ఏకాహమునకు బృందమును పంపలేదు. పంపలేని పల్లె మరుసటి యేడు పిలువలేదు. బాకీ తీరకపోవుటచే ఒక ముడి వీడును. దానితో రెండవ ముడి వదులగును. గురువు మరణించుట వలన కంటె ఇట్లు పిలుపులు ఆగుట వలననే బృందములు ఎక్కువగా చెదరుచున్నవని నాకు తోచును.

ఒక క్రొత్త మార్పు గలదు. పూర్వము చెక్క పట్టినవారు పురుషులే. కొన్ని దశాబ్దులుగా స్త్రీలు కోలాట, భజన బృందములు ఏర్పరచుకొనుచున్నారు. తిరుమల బ్రహ్మోత్సవములలో వాహనముల ముందు ఆడు కోలాట బృందములలో వారే మిక్కిలి. తిరుపతి దేవస్థానమువారి దాససాహిత్య ప్రాజెక్టు మూడు మాసములకొకసారి జరుపు మెట్లోత్సవమునకు ఆంధ్ర, కర్ణాటక, తమిళ దేశముల భజన మండళ్లు తిరుపతిలో కూడి పాడి, మరునాడు తెల్లవారక ముందే అలిపిరి వద్ద మెట్లకు పూజచేసి, 3,550 మెట్లు పాడుచు ఎక్కును. ఆ గుంపులలో కడప, కర్నూలు పల్లెల స్త్రీలు చేతిలో తాళములు, కొంగున చిల్లర, సంచిలో రొట్టెలతో కనబడుదురు.

మగవారు సుగ్గికి పోయినను, పట్టణమున కూలికి పోయినను, ఊరిలో నిలిచినవారిలో స్త్రీలును వృద్ధులును ఎక్కువ. అందువలన ఏకాహము తలపెట్టిన పెద్దలు జాముల పట్టిక వ్రాయునపుడు ఇప్పుడు మొదట నూనె, బియ్యము లెక్కింపరు. ఊరిలో మిగిలిన గొంతులు లెక్కింతురు. పగటి జాములకు స్త్రీలను వేయుటతో మొదలైన పద్ధతి మెల్లగా రాత్రి జాములకును వచ్చుచున్నది. తాంబూలము తీసికొని పొరుగూరికి పిలుపునకు పోవు ఇద్దరిలో ఒకరు స్త్రీ యగుటయు అక్కడక్కడ గలదు. "మా ఊరికి ఎప్పుడు వస్తారక్కా?" యని పిలువవచ్చినవారు అడుగుదురు. "ఉగాది పోనీ, సుగ్గికి పోయినోళ్లు వస్తారు. అందరమూ కలిసి వస్తాము. తెల్లవారుజాము మాకు పెట్టండి" అని బదులు వచ్చును.